సాక్షికి పసుపు

సంచి అడుగున మెత్తటి పాత చీరలు పెట్టాలి, పుట్టబోయే బిడ్డ కిందికి. వాటి మీద మరిడమ్మ కట్టుకునే రెండు చీరలు, జాకెట్టు, తువ్వాలు. వాము పొట్లం పక్కన సర్దాలి, కొబ్బరినూనె సీసాకి గుడ్డ మూత బిగించి నిలబెట్టాలి, లేకపోతే బస్సు కుదుపుకి ఒలికి చీరలన్నీ జిడ్డోడతాయి. సుభద్రమ్మ చేతులు ఈ పని చేస్తూనే ఉన్నాయి. మరిడమ్మ తల్లి దానమ్మ సర్దుతుంటే ఆవిడ చేతిలోంచి సంచి తీసుకుని, నీకు చేతకాదులే, ఇలా తే అని కూర్చున్నది సుభద్రమ్మే. ఎందుకు కూర్చున్నట్టు? ఎవరి సంచీ సర్దకూడదని ఎన్నాళ్ళ కిందటో అనుకున్న మనిషి. తమ్ముడు చినబాబు బర్మాలో రంగం వెళ్తానంటే తనే సర్దింది, అటుకులూ బెల్లం ఒక పక్క, పంచెలు ఒక పక్క. ఓడ ఎక్కాడని కబురొచ్చింది, దిగాడని ఇంకో కబురొచ్చింది, తరవాత యుద్ధం వచ్చింది, రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళు కాళ్ళు వాచి, గెడ్డాలు పెరిగి వచ్చారు, వాళ్ళలో చినబాబు లేడు. తరవాత ఆయన. శ్రీకాకుళం కోర్టులో వాయిదా ఉంది, సాయంత్రానికి వచ్చేస్తాను అంటే కాగితాల సంచిలో పెరుగన్నం గిన్నె కూడా పెట్టి ఇచ్చింది. సాయంత్రానికి గిన్నె వచ్చింది, కడిగి మరీ పంపారెవరో. అప్పుడు అనుకుంది, నా చేత్తో సంచి కడితే మనిషి తిరిగి రాడు అని. అలాంటిది ఈ పొద్దు తొమ్మిదో నెల కడుపుతో ఉన్న పిల్ల సంచి లాక్కుని మరీ సర్దుతున్నది. చేతులకి పని కావాలి. పని లేకపోతే చేతులు ఆ గోడ వైపు పోతాయి.

గోడ వైపు చూడకూడదు. వాము చాలదేమో, ఇంకొంచెం ఇంట్లోంచి తెచ్చిపెడదామా. ఇల్లంటే ఎంత దూరం, ఈ వరసలో ఇది మూడో గది, తనది చివరి గది, మధ్యలో ఒక్క వాకిలి. నరసన్నపేటలో ఈ వరసని ఎవరడిగినా గణపతిరావు గారి పెంకుటిళ్ళు అంటారు. గణపతిరావు గారు విజయనగరంలో ఉంటారు. ఆయన వచ్చి చూసేది ఎప్పుడోగాని ఉండదు. చూసేది సుభద్రమ్మ. అంతకుముందు ఆమె పెనిమిటి జగన్నాధం చూసేవాడు, ఆయన పోయాక, ఆడదానివి నీకేం తెలుస్తుంది అని అన్నవాళ్ళే కాగితాల పెట్టె తీసుకుపోవడానికి వచ్చి, ఏది ఏ కాగితమో తెలియక, సుభద్రమ్మ ఒక్కొక్కటీ చెపుతుంటే నోరు మూసుకుని పెట్టె అక్కడే వదిలి వెళ్ళిపోయారు. పంచాయతీ పన్ను కట్టిన రసీదులు, దస్తావేజులు, వరస కట్టినప్పటి గీతల కాగితం, ఏ ఏడు ఏ గదికి పెంకు తిరగేసిందీ, ఏ వాసం చెద పట్టి మార్చిందీ, నూతి వరలకి సిమెంటు పూత ఎప్పుడు పడిందీ. మృగశిర రాకుండా పెంకు నేయించాలి, దసరాకి ముందు సున్నం కొట్టించాలి, వెనక కాలవలో పూడిక తీయించాలి. అవన్నీ చేయించి, ఏడాదికోసారి విజయనగరానికి కార్డు ముక్క రాయాలి. గణపతిరావు గారికి నమస్కరించి వ్రాయునది, తమ గృహములు క్షేమము. అందుకే చివరి గది ఆమెకి అద్దె లేకుండా ఉన్నాది.

క్షేమము. ఆ మాట రాయడం ఎంత బాగా వచ్చునో. బడికి పోలేదు, ఎవరూ పలకా ఇవ్వలేదు. ఆయన రాత్రి పూట దస్తావేజులు పెద్దగా చదువుకుంటూ నకళ్ళు రాసుకునేవాడు, తను ఎదురుగా కూర్చుని ఒత్తులు చేసుకునేది. ఆయన వేలు ఎక్కడుంటే అక్కడి మాట తన చెవిన పడేది. అలా తలకిందులుగా నేర్చుకుంది అక్షరాలు. మొట్టమొదట చదివిన మాట తూర్పు. తరవాత దక్షిణం. ప్రతి కాగితంలోనూ వస్తాయి కదా, నాలుగు హద్దులు, తూర్పు ఫలానావారి గోడ, దక్షిణం ప్రభుత్వ బాట, పడమర ఫలానావారి ఖాళీ జాగా, ఉత్తరం మురుగు కాలవ. ఇప్పటికీ కొత్త కాగితం చేతికొస్తే ముందు తలకిందులుగా తిప్పుతుంది, అలాగైతేనే తొందరగా కళ్ళకి ఆనుతుంది. ఆ చదువుతో తరవాత పురాణాలు చదివింది, పాత పత్రికలు చదివింది, పొట్లాల కాగితాలు కూడా విప్పి చదివింది. గోడ మీద రాసింది మాత్రం చదవకుండా రెండేళ్ళు గడిపింది.

మళ్ళీ గోడే. దానమ్మ గడప అవతల కూర్చుని చుట్ట నిప్పు కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఏడో నెలలోనే తీసుకుపోవలసిన పిల్లని, తనకి జరం తగిలి మంచాన పడితే ఇంతవరకూ కుదరలేదనీ, తొమ్మిదో నెలలో బస్సు ఎక్కించడం దేవుడి దయ అనీ, కళింగపట్నంలో మంత్రసాని తమ ఇంటి పక్కనే ఉన్నాదనీ, ఒకటే చెపుతున్నది. చెపుతూ చెపుతూ లోపలికి తొంగిచూసి అన్నది.

“ఏటమ్మా సుబద్రమ్మగోరూ, ఇంకా అవనేదా? ఈ గది కూడా మడతెట్టి ఆ సంచిలో ఎట్టేత్తారా ఏటి?”

పెట్టగలిగితే బాగుండును. గదిని మడత పెట్టి, ఆ గోడని అన్నిటికంటే కింద పెట్టి, మీద చీరలు కప్పి. సుభద్రమ్మ నూనె సీసా మూత మళ్ళీ విప్పి మళ్ళీ బిగించింది. బయట తూర్పు గాలి. పొద్దున్నుంచీ ఎండ కాస్తున్నట్టే ఉన్నాది గాని ఎండలో వేడి లేదు. సముద్రం మీద ఏదో పట్టిందని చేపల సంతలో అనుకుంటున్నారట. కార్తీకం మొదట్లో పడితే అంత తొందరగా విడవదు. వెనక కాలవ పూడిక తీయించి ఎన్నాళ్ళయింది, ఈ ఏడు తీయించలేదు, పోయినేడు సగం తీశారు. నీళ్ళు ఆ గోడ వెనక చివర, మొదట్లోనే నిలబడతాయి. లోపల ఇటుకల మధ్య మట్టి, పైన సున్నం పూత. నాని నాని నాని.

కూర్మయ్య ఉంటే. కూర్మయ్య తాపీ మేస్త్రీ, ఈ వరస కట్టిన మేస్త్రీ కొడుకే. ఈ గది ద్వారబంధం పక్కన, నిలువునా వెంట్రుకంత బీట మొదట చూసింది అతనే. చెయ్యి పెట్టి తడిమాడు, గోడకి చెవి ఆన్చాడు, వెనక్కి వెళ్ళి కాలవ చూసి వచ్చాడు. మర్నాడు కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి నూరిన గచ్చు తెచ్చి, బీటకి అడ్డంగా, అరచెయ్యంత మేర పట్టీలాగా మెత్తాడు. ఆరకముందే తాపీ కొనతో దాని మీద ఆ ఏటి అంకెలు గీశాడు. ఒక ఆరు, ఒక ఐదు. బీట ఒక పక్కకి ఆరు, రెండో పక్కకి ఐదు. ఏమిటయ్యా ఇది, గోడకి పట్టు వేశావా అని సుభద్రమ్మ అడిగితే, తాపీ కడుక్కుంటూ చెప్పాడు.

“ఇది సాచ్చమ్మా. గోడకి నోరుండదు కదా, దాని బదులు ఇది సెప్తాది. ఇది బాగున్నంత కాలం గోడ నిలబడినట్టు. ఇది సీలిందంటే గోడ నడస్తన్నట్టు. ఆ పొద్దు మరేటీ ఆలోసించొద్దు, గది కాళీ సేయించీండి. సున్నం కొట్టినప్పుడు కూడా దీని మీద కుంచె పడనీకండి.”

సున్నం వేసేవాళ్ళకి ఆ మాట చెప్పింది తనే. వాళ్ళు సాక్షి చుట్టూ కొట్టి, దాన్ని వదిలేశారు. గణపతిరావు గారికి కార్డులో రాసింది కూడా, మూడవ గది పడమటి గోడకు సన్నపు బీట కలదు, మేస్త్రీ సాక్షి పెట్టినాడు. వచ్చే ఏడు చూద్దాం అని జవాబొచ్చింది. వచ్చే ఏటికి కూర్మయ్య కొత్తవలస లైను పనికి వెళ్ళిపోయాడు, కొండలు తొలిచి రైలు వేస్తున్నారు, సొరంగాల్లో గచ్చు పనికి మంచి కూలి అన్నాడు. వెళ్ళేముందు వచ్చి, ఆ సాక్షిని సూస్తూ ఉండండమ్మా అని మళ్ళీ చెప్పాడు. సరేలే, నాకు తెలీదా అంది. అతని సంచి మాత్రం తను సర్దలేదు. అతని సంచిలో తాపీ, మట్టపు గుండు, నూలుతాడు, అవి సర్దడం ఆడవాళ్ళ పని కాదు. అయినా అతనూ తిరిగి రాలేదు ఇంతవరకు. ఉన్నాడట, అరకు దాటి ఎక్కడో.

ఆ గదిలోకి మరిడమ్మ వచ్చింది. నూకయ్య చేపల వర్తకానికి ఈ ఊళ్ళో నిలదొక్కుకుని, సంతలో పాక వేసుకుని, మేనత్త కూతుర్ని చేసుకుని తెచ్చుకున్నాడు. కాళ్ళ పారాణి ఇంకా పోని పిల్ల. వచ్చిన మొదటి శుక్రవారమే గడపకి పసుపు రాసి, కుంకం పెట్టి, లేచి నిలబడి ద్వారబంధం పక్కన ఆ పట్టీని చూసింది. సాక్షి మీద అప్పటికే సన్నటి గీత పడి ఉన్నాది. అదెప్పుడు పడిందో సుభద్రమ్మకి తెలియదు, గది ఖాళీగా తాళం వేసి ఉన్న రోజుల్లో పడి ఉండాలి. మరిడమ్మకి సాక్షి అంటే ఏమిటో తెలియదు. ముందున్న ఇల్లాలెవరో గోడకి మంచి కోసం పెట్టుకున్నదేదో చీలిపోతే పట్టించుకోకుండా వదిలేసి పోయారనుకుంది. గుమ్మం పక్కన చీలినది ఉంటే మంచిది కాదు. అందుకని తడి సున్నంతో ఆ గీత పూడ్చింది, దాని మీద పసుపు మెత్తింది. సున్నం తగిలిన పసుపు ఎర్రబడి పారాణిలా మెరిసింది. మీద కుంకం బొట్లు మూడు పెట్టింది. సుభద్రమ్మ వాకిట్లో నిలబడి చూస్తున్నది. నోటి దాకా వచ్చింది. అమ్మాయ్, అది ముట్టుకోకూడదు, అది మేస్త్రీ గుర్తు అని.

అనలేదు. ఎందుకనలేదు? పెళ్ళయిన పిల్ల పసుపు రాస్తుంటే, బొట్టు లేని ముండమోపి ఎదురొచ్చి రాయకు అనడమా? శుక్రవారం పొద్దున తను గుమ్మాలకి ఎదురు రాకుండా నూతికి పెరటి దారినే పోతుంది. ఆ దారి ఎవరూ పొమ్మనలేదు, తనే పోతుంది. అలాంటిది ఆ పిల్ల చేతిలో పసుపు గిన్నె ఉండగా కాదు కూడదు అంటుందా? అదీ కారణం. అది నిజమే. కాని అదొక్కటే అయితే సాయంత్రం చెప్పొచ్చు, మర్నాడు చెప్పొచ్చు, నూకయ్యతో చెప్పొచ్చు. శనివారం శనివారం తీరిగ్గా ఆ పిల్ల తలకి నూనె రాస్తూ లోకమంతా చెప్పింది, ఇది చెప్పలేదు. శుక్రవారం శుక్రవారం ఆ పిల్ల సున్నంతో గీత పూడుస్తూనే ఉంది, పసుపు మెత్తుతూనే ఉంది, సాక్షి ఎప్పుడు చూసినా నిండుగా, ఎర్రగా, కొత్తగా. అంకెలు లోపల మునిగిపోయాయి. సుభద్రమ్మ ఏడాది చివర గుమ్మంలో నిలబడి చూసేది, సాక్షి చీలలేదు అని మనసులో అనుకునేది, వెళ్ళి కార్డు ముందేసుకుని తమ గృహములు క్షేమము అని రాసేది. చీలింది అని రాస్తే గది ఖాళీ చేయించమంటారు, గోడ పడగొట్టించమంటారు, గోడకి రెండు పక్కలా ఉన్న గదులూ పోతాయి, ఇంతకాలం ఏం చూస్తున్నావమ్మా అంటారు, చూసే మనిషిని మార్చాలంటారు. చివరి గది. ఈ వయసులో పెట్టె నెత్తిన పెట్టుకుని ఎక్కడికి. తన మౌనానికి హద్దులు రాయాలంటే రాయొచ్చు. తూర్పున విధవరాలి మర్యాద. దక్షిణాన గణపతిరావు గారి కోపం. పడమర తను పడుకునే గది. ఉత్తరం మాత్రం ఏమీ లేదు, ఖాళీ, అటునుంచే గాలి కొడుతున్నది.

ఈ పొద్దున చూసింది. మరిడమ్మకి ఒళ్ళు బరువెక్కాక కొన్ని వారాలుగా గడపకి మాత్రం ఎలాగో రాస్తున్నదిగాని సున్నం నూరి గోడకి మెత్తే ఓపిక లేదు. పాత పసుపు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. సంచి కోసం లోపలికొచ్చిన సుభద్రమ్మ గుమ్మం దాటుతూ తల తిప్పింది, అంతే. ఆరు ఒక పక్క, ఐదు ఒక పక్క, మధ్యలో చింతగింజ దూరేంత సందు. అంకెలు ఒకదాన్నొకటి వదిలి జరిగిపోయాయి. బీట పైకి ఎక్కడిదాకా పోయిందో చూద్దామంటే పైన దేవుడి పటం, కింద చూద్దామంటే బియ్యం కుండల వరస. పటం కొంచెం పక్కకి జరిపింది. జరిపి మళ్ళీ యథాప్రకారం పెట్టేసింది. అప్పుడే దానమ్మ చేతిలోంచి సంచి తీసుకుంది.

ఇప్పుడు చెప్పేస్తే. ఈ పిల్ల బస్సెక్కి వెళ్ళిపోతుంది, దాని భయం లేదు. ఉండేది నూకయ్య. ఆ గోడ పక్కనే నులక మంచం. తుఫాను పడితే ఒక్కడూ ఇక్కడ. చెప్పేయాలి. ఇద్దరూ ఉండగా చెప్పేయాలి. మరిడమ్మా, నువ్వు ఇన్నాళ్ళూ పసుపు రాసినది దేవుడి గుర్తు కాదే, అది గోడ గుర్తు, నువ్వు పూడ్చిన కొద్దీ నేను చూస్తూ ఊరుకున్నాను. ఈ మాటలు వరసగా మనసులో పేర్చుకుంది, సంచిలో చీరలు పేర్చినట్టే, మెత్తటివి కింద, బరువైనవి పైన. నూకయ్య సంత నుంచి వచ్చాడు, కాళ్ళు కడుక్కుని లోపలికి రాబోతుంటే దానమ్మ, అల్లుడికి పెళ్ళాం పోతే గాని స్నానం గుర్తు రాదు అని ఏదో వేళాకోళం ఆడింది, అతను నవ్వాడు. మరిడమ్మ మంచం మీంచి గోడ పట్టుకుని మెల్లిగా లేచింది. ఆ గోడే పట్టుకుని లేచింది. లేచి, సాక్షి మీద చెయ్యి వేసి, పొడి పసుపు వేలికి అంటుకుంటే చూసుకుని, సుభద్రమ్మ వైపు తిరిగింది.

“మామ్మా, ఇది సూడు ఎలాగయిపోనాదో. నాను వొచ్చే వరకూ దీనికి నువ్వే పసుపు రాయవా? సుక్కురోరం సుక్కురోరం.”

ఎవరూ ఏ విధవనీ అలా అడగరు. ఆ పిల్లకి ఆ తేడా లేదు, రెండేళ్ళూ తలకి నూనె రాసిన చెయ్యి కదా అని అడిగింది. తలుపు తీసినట్టయింది. ఇదే సమయం. ఇప్పుడు కాకపోతే మరి లేదు. సుభద్రమ్మ నోరు తెరిచింది. తెరిస్తే ఎప్పటి మాటో అలవాటుగా వచ్చేసింది, నూతికి పెరటి దారిన పోయే మాట.

“నాలాటిదాన్ని అడక్కూడదే అమ్మా. నా చేత్తో పసుపేటి.”

మరిడమ్మ మొహం చిన్నబోయింది, అయ్యో, ఎంత మాట అనిపించాను పెద్దావిడ చేత అని. ఎవరు ఎవరి దగ్గర నొచ్చుకోవాలి. ఆ పిల్ల వెంటనే మొగుడి వైపు తిరిగింది.

“అయితే మావా, నువ్వే రాయాల. మర్సిపోయావంటే బిడ్డ నీ మొకం సూడదు, సెప్తన్నాను.”

“సేపలమ్మినోడి సేత పసుపు రాయిత్తన్నావేటే. గోడంతా కంపు కొడతాది.”

“కొట్టనీ. రాత్తావా రాయవా?”

“రాత్తానే. నీ మీదొట్టు.”

అందరూ నవ్వారు, దానమ్మ పొగ గొంతుకడ్డం పడి దగ్గేంత నవ్వింది. సంచి మూతికి తాడు కట్టాలి. సుభద్రమ్మ తాడు కట్టింది, ముడి వేసింది, ముడి మీద ముడి వేసింది. ఒట్టు పెట్టాడు. మనిషి ఒట్టు పెడితే పెట్టాడులే, మగవాళ్ళకి శుక్రవారాలు గుర్తుంటాయా, ఇవాళ బుధవారం, రెండు రోజుల్లో మర్చిపోతాడు.

బస్సు కోసం నడుస్తున్నప్పుడు సంచి నూకయ్య భుజం మీద, మరిడమ్మ చెయ్యి సుభద్రమ్మ భుజం మీద. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. రోడ్డు పక్కన ధాన్యం బస్తాల లారీలు, పొలాల్లో కోతకి రాబోయే వరి గాలికి ఒక పక్కకి ఒరిగి మళ్ళీ లేస్తున్నది. ఒరిగి లేస్తే భయం లేదు. గోడ ఒకసారి ఒరిగితే లేవదు. ఇదే రోడ్డు మీద చినబాబు నడిచాడు, బండి ఎక్కేముందు, అక్కా, అటుకుల్లో బెల్లం ఎక్కువేశావు అన్నాడు, ఆఖరి మాట అదే. ఆయన ఆఖరి మాట గొడుగు ఎక్కడ పెట్టావు అని. జనం ఆఖరి మాటలు ఎప్పుడూ ఇలాంటివే అంటారు, పెద్ద మాటలు అనరు, అందుకే తెలియదు అది ఆఖరుదని. మరిడమ్మ ఇప్పుడేం అంటుంది? సుభద్రమ్మ చెవులు రిక్కించుకుని నడిచింది, ఆ పిల్ల ఏ మాట అన్నా దాన్ని లోపల దాచుకోవాలని, ఏ మాటా అనకపోతే బాగుండునని. అమ్మా తల్లీ, కడుపుతో ఉన్న పిల్ల, నా చేత్తో సర్దిన సంచి, ఈ ఒక్కసారి నా చేతి గుణం తప్పించు. మరిడమ్మ, ఎండు రొయ్యలు ఉట్టి మీద ఉన్నాయి, పిల్లి రాకుండా చూడమంది. వాము బాగా వేశావా మామ్మా అంది. బస్సు వచ్చింది.

ఎక్కడం కష్టమయింది. దానమ్మ పైనుంచి లాగితే నూకయ్య కిందనుంచి పట్టుకున్నాడు, కండక్టరు నెమ్మది అమ్మా నెమ్మది అన్నాడు. కిటికీ దగ్గర కూర్చుని ఆ పిల్ల బయటికి తల పెట్టింది. శ్రీకాకుళంలో బస్సు మారేటప్పుడు సంచి జాగ్రత్త అని సుభద్రమ్మ అంటే తల ఊపింది. మొగుడి వైపు చూసి చూపుడువేలు ఎత్తి గాలిలో పసుపు రాస్తున్నట్టు చూపించింది. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, రాత్తానే తల్లీ అని. బస్సు కదిలింది. దుమ్ములో ఆ వేలు ఇంకా ఆడుతున్నట్టే ఉంది.

తిరిగి వస్తున్నప్పుడు ఇద్దరే. నూకయ్య ముందు, కొంచెం వెనక సుభద్రమ్మ. ఇప్పుడు చెప్పాలి. గాలి పెరుగుతున్నది, అతని చొక్కా వీపు మీద ఉబ్బుతున్నది. చెప్పాలి, సాక్షి చీలింది అని. చీలిందంటే ఎప్పుడు చీలింది అంటాడు. దాని మీద నా పెళ్ళాం పసుపు రాత్తంటే నువ్వు సూత్తా కూసున్నావా మామ్మా అంటాడు. అనడు, అతనలాంటివాడు కాదు, అనకుండా ఒక్కసారి చూస్తాడు. ఆ చూపు. ఆ చూపు కళింగపట్నం దాకా పోతుంది, పురిటి మంచం మీద ఆ పిల్లకి తెలుస్తుంది, తను పూజ చేసింది దేనికో. అక్కర్లేదు, అంతా చెప్పక్కర్లేదు, ప్రాణం నిలిస్తే చాలు కదా. మనిషి ఆ గదిలో పడుకోకపోతే చాలు కదా. తక్కిన మాటలు తరవాత, వాన వెలిశాక, విజయనగరం రాసి, గోడ పడగొట్టించి, అప్పుడు తీరిగ్గా. సుభద్రమ్మ అడుగు ముందుకేసి అతన్ని పిలిచింది. మీ గదిలో ఆ మూల పెంకు జారింది నాయనా, వాన పడితే మంచం మీదే కారుతుంది, పడక నాలుగు రోజులు సంతలో పాకకి మార్చుకో అంది. పెంకు జారలేదు. పెంకు బాగానే ఉన్నాది, ఈ ఏడు మృగశిరకి ముందే నేయించింది తనే.

“అలాగే మామ్మా. ఒక్కడికి గదెందుకు, పాకలో పడుకుంటాను,” అన్నాడు నూకయ్య.

అంత సులువుగా. రెండేళ్ళు గుండెల మీద పెట్టుకున్నది అంత సులువుగా దిగిపోయింది. ఆ సాయంత్రమే అతను మంచం, దుప్పటి, గొడుగు పట్టుకుపోయాడు. రొయ్యల ఉట్టి ఆమెకి అప్పగించి, తాళం మొలతాడుకి కట్టుకున్నాడు. సుభద్రమ్మ తన గదిలో దీపం ముందు కూర్చుని కార్డు తీసింది, తలకిందులుగా పెట్టుకుని, తిప్పి, గణపతిరావు గారికి నమస్కరించి అని మొదలుపెట్టి, మూడవ గది అన్న మాట దగ్గర ఆగింది. రేపు రాద్దాం. ఎలా రాయాలో ఆలోచించి రాద్దాం. ఆ పిల్ల ఈపాటికి కళింగపట్నం చేరి ఉంటుంది. పసుపు సంగతి ఒక్కటే లోపల ఎక్కడో ముల్లులా కదిలింది, ఒట్టు పెట్టాడు కదా అని. అదే అనుకుంది మళ్ళీ, మగవాళ్ళకి శుక్రవారాలు గుర్తుంటాయా. దీపం మలిపి పడుకుంటే చాలా రోజుల తరవాత నిద్ర పట్టింది.

వాన గురువారం మధ్యాహ్నం పట్టింది. పడమటి గోడ శుక్రవారం కూలింది, పక్క గదిలోకి కాదు, మూడో గదిలోకి. అప్పుడు గదిలో మనిషి ఉన్నాడు. పాకలో సున్నం నూరుకుని, పసుపు కలుపుకుని, గిన్నె మీద అరిటాకు కప్పుకుని వానలో వచ్చాడని సంతలోవాళ్ళు చెప్పారు. కూర్మయ్య చెప్పినది సుభద్రమ్మ ఎవరికీ చెప్పలేదు, ఆ తరవాత కూడా.

సుభద్రమ్మ చేత సంచి సర్దించుకున్న మరిడమ్మ మూడో నెల పిల్లని చంకనేసుకుని నరసన్నపేట వచ్చింది, పగలకుండా మిగిలిన ఒకటి రెండు కుండలూ, అద్దం పగిలిన పటమూ తీసుకుని వెళ్ళిపోయింది. రానివాడు నూకయ్య. అతను ఏ బస్సూ ఎక్కలేదు, ఊరు దాటలేదు, అతని సంచి ఎవరూ సర్దలేదు. గోడకి పసుపు రాయడానికి మూడో గదిలోకి వెళ్ళి తిరిగి బయటికి రాలేదు, అరవై ఎనిమిదో సంవత్సరం, కార్తీకంలో రెండో శుక్రవారం, దీపాలు పెట్టే వేళ.